అంచనాలు వేయకముందే అడగండి

మా ఊళ్లో కొత్త పార్కు వస్తోందన్న సంగతి జనానికి మొదట చెప్పేది ఫ్లెక్సీ. శంకుస్థాపన ఫలానా రోజు, ముఖ్య అతిథి ఫలానా వారు, అంచనా వ్యయం ఇన్ని లక్షలు. ఆ ఫ్లెక్సీ కట్టేనాటికే డ్రాయింగ్ గీసేసి ఉంటారు, ఎస్టిమేట్ మంజూరై ఉంటుంది, టెండరు పిలిచి కాంట్రాక్టరుకి వర్క్ ఆర్డరు ఇచ్చేసి ఉంటారు. ఆ తర్వాత మైకు పట్టుకుని "మీ సలహాలు, సూచనలు చెప్పండి" అంటే, శుభలేఖలు పంచేశాక పెళ్లికూతుర్ని పిలిచి పిల్లాడు నచ్చాడా అని అడిగినట్టు ఉంటుంది. ఆ పిల్ల అప్పుడు ఏం చెప్పగలదు?

విజయవాడలో ఇకమీద ఏ పార్కు తలపెట్టినా, ఏ ఆటస్థలం తలపెట్టినా, ఎస్టిమేట్ కాగితం మీద మొదటి అంకె పడకముందే ఆ పేట వాళ్లని అడగాలి. నేను చెప్పదలచింది ఇంతే. ఇంత చిన్న మాటకి ఇంత వ్యాసం ఎందుకంటే, దీన్ని కాదన్నవాళ్లు ఇప్పటిదాకా నాకు ఎవరూ ఎదురుపడలేదు, చేసినవాళ్లూ కనపడలేదు.

ముందు ఒక లెక్క చూడండి. పట్టణ ప్రణాళికల కోసం కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని రాశారు. 2011 జనాభా లెక్కల నాటికి మన కార్పొరేషన్ పరిధిలో పది లక్షల మంది పైచిలుకు ఉన్నాం. మనిషికి పది మీటర్లే వేసుకున్నా కోటి చదరపు మీటర్లు కావాలి, అంటే 10 చదరపు కిలోమీటర్లు, దాదాపు 2,470 ఎకరాలు. ఆ లెక్కలనాటి ఊరి విస్తీర్ణమే 62 చదరపు కిలోమీటర్లు. కృష్ణ మధ్యలో ఉన్న భవానీ ద్వీపం సుమారు 130 ఎకరాలు. అలాంటివి పద్దెనిమిది తెచ్చి ఊరి మధ్యలో పరిచినా ఇంకా కాస్త తక్కువే. ఓ పక్క కృష్ణ, ఓ పక్క కొండలు, మధ్యలో బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటిని కోసుకుంటూ రైలు పట్టాలు. ఇంత ఇరుకు ఊళ్లో ఆ 2,470 ఎకరాలు ఏనాటికీ రావు. రావు కాబట్టే మిగిలిన ప్రతి సెంటు విషయంలో జాగ్రత్తపడాలి. ఒకసారి సిమెంటు పోశాక దాన్ని పగలగొట్టడానికి ఎవరూ నిధులివ్వరు.

ఆ మిగిలిన సెంట్లు మనకి ఎలా వచ్చాయో కూడా చెప్పుకోవాలి. లేఅవుట్ వేసినప్పుడు పది శాతం స్థలాన్ని అందరి కోసం వదిలి స్థానిక సంస్థకి రాసివ్వాలన్నది నిబంధన. వదిలేది ఏ మూల? తరచుగా ప్లాట్లుగా అమ్ముడుపోని మూల: పల్లంలో ఉన్నది, మురుగుకాలవ పక్కది, త్రికోణంగా మిగిలిపోయింది. పదేళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈలోగా ఓ చివర వాటర్ ట్యాంకు లేస్తుంది, ఓ చివర చిన్న గుడి లేస్తుంది, మధ్యలో కమ్యూనిటీ హాలు. మిగిలిన దానికి ఎప్పుడో ఒక పథకం కింద డబ్బొస్తుంది. ఆ ఆర్థిక సంవత్సరం దాటితే డబ్బు వెనక్కి పోతుందన్న తొందరలో, పక్క వార్డులో వేసిన డ్రాయింగే ఇక్కడా వేసేస్తారు. చుట్టూ గ్రిల్లు, లోపల రంగు టైల్స్ బాట, నాలుగు ఓపెన్ జిమ్ పరికరాలు, పిల్లలకి ప్లాస్టిక్ జారుడుబల్ల, నడుమ పచ్చిక, గేటు పక్కన శిలాఫలకం. ఏ పేటకి వెళ్లినా ఇదే.

మా పేటలో జరిగింది చెప్తాను. ఏ పేటో అనవసరం, బెజవాడలో చాలా పేటల కథ ఇదే. మా వీధి చివర ఒక మట్టి జాగా ఉండేది. పొద్దున పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు, మధ్యాహ్నం ఇస్త్రీబండి ఆయన వేపచెట్టు కింద ఆగేవాడు, సాయంత్రం ఆడవాళ్లు గుమ్మాల్లో వేసుకునే ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకుని ఆ చెట్టు కిందే కూర్చునేవాళ్లు. వినాయకచవితికి పందిరీ అక్కడే, ఎవరింట్లోనైనా పెద్దకర్మ అయితే భోజనాల టెంటూ అక్కడే. అది పార్కు అయింది. వేపచెట్టు వేళ్లు బాటకి అడ్డమని కొట్టేశారు. క్రికెట్ ఆడితే గడ్డి పాడవుతుందని బోర్డు పెట్టారు. పొద్దున తొమ్మిదికి తాళం, మళ్లీ సాయంత్రం నాలుగింటికి తీయడం. ఇస్త్రీబండి రోడ్డు మీదికి వచ్చింది, పిల్లలు వీధిలోకి వచ్చారు, ఆడవాళ్లు గుమ్మాల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ పనిచేసిన వాళ్లకి చెడు ఉద్దేశం ఉందని నేను అనను. ఆ జాగా అప్పటికే ఏమేం పనులు చేస్తోందో వాళ్లకి తెలియదు, అంతే. ఒక్క ఆదివారం వచ్చి ఆ వేపచెట్టు కింద కూర్చుని ఉంటే తెలిసేది. ఖాళీగా ఉందని వాళ్లు రాసుకున్న స్థలం నిజానికి ఒక్క గంట కూడా ఖాళీగా లేదు.

పెద్ద ఎత్తున చూస్తే స్వరాజ్య మైదానం గుర్తొస్తుంది. మా తరానికి అది పీడబ్ల్యూడీ గ్రౌండ్స్. జనవరిలో పుస్తకాల పండగ, ఎండాకాలం ఎగ్జిబిషన్లు, మీటింగులు, ఓ పక్క రైతుబజారు. అక్కడే 2024 జనవరి 19న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహంతో స్మృతివనం ప్రారంభమైంది. ఊరి నడిబొడ్డున ఆ మహానుభావుడికి అంత చోటు దక్కినందుకు నాకు గర్వంగా ఉంది. నా ప్రశ్న దాని మీద కాదు. సుమారు 18 ఎకరాల మైదానం ఒక పనికి అంకితమైనప్పుడు, అది ఏళ్లతరబడి మోసిన మిగతా పనులు ఎక్కడికి పోవాలో కూడా అదే ప్రణాళికలో రాసుకోవాలి. పుస్తకాల పండగ ఇప్పుడు వేరే గ్రౌండ్లలో జరుగుతోంది, జరుగుతుంది కూడా. కానీ ఊరి మధ్యలో, బస్సు దిగి నడిచి వెళ్లగలిగే చోట, ఎవరూ టికెట్ అడగని పెద్ద మట్టి మైదానం అన్నది ఒక సౌకర్యం. దాన్ని లెక్కలో రాయాలంటే దాన్ని వాడుకున్నవాళ్లని అడగాలి. పుస్తకాలషాపు వాళ్లనీ, రైతుబజారులో కూర్చునే రైతునీ, సాయంత్రం బంతి ఆడే కుర్రాడినీ.

చట్టంలో దీనికి చోటు లేదనుకోకండి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, తోటలు, ఆటస్థలాలను పన్నెండో షెడ్యూల్లో పట్టణ స్థానిక సంస్థల పనుల్లో చేర్చింది. మూడు లక్షల జనాభా దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలనీ అదే సవరణ చెప్పింది. నగరాల అభివృద్ధికి కేంద్రం 2005లో మొదలుపెట్టిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం కింద విజయవాడకి డబ్బొచ్చింది. వార్డు కమిటీల కింద జనం నేరుగా కూర్చునే ఏరియా సభలు ఉండాలన్నది ఆ పథకం రాష్ట్రాలకి పెట్టిన షరతుల్లో ఒకటి. పట్టణ సౌకర్యాల కోసం కేంద్రం 2015లో తెచ్చిన అమృత్ పథకంలో పార్కులకని 2.5 శాతం దాకా కేటాయిస్తూ, పిల్లలకి అనువైన ఏర్పాట్లు ఉండాలని, నిర్వహణలో స్థానికులు పాలుపంచుకోవాలని రాశారు. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో పౌర సౌకర్యాలు చూసుకోవడానికి ఎమినిటీస్ సెక్రటరీ అని ప్రత్యేకంగా ఒక పోస్టే పెట్టారు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు, సూచనలు పిలిచే పద్ధతీ ఉంది. నగరమంతటికీ వేసే ప్లానుకి ఉన్న ఆ మెట్టు, మన వీధి చివరి పార్కు డ్రాయింగుకి వచ్చేసరికి లేదు. మాస్టర్ ప్లాన్ గురించి మాట్లాడటానికి నాలాంటిదానికి అంత జ్ఞానం లేకపోవచ్చు. మా వీధి చివర సాయంత్రం ఐదింటికి ఎండ ఏ వైపు నుంచి కొడుతుందో మాత్రం నాకంటే బాగా తెలిసిన ఇంజినీరు లేడు.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. రోహిణి కార్తెలో బెజవాడ ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కొండరాళ్లు పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంటాయి. అలాంటి ఊళ్లో పార్కుకి మొదట కావలసింది నీడ. మనకి దొరికేది పొడుగ్గా, నిటారుగా, బాటకి రెండువైపులా బారులు తీరిన పామ్ చెట్లు. ఫొటోకి బాగుంటాయి, వాటి కింద ఒక్క మనిషి కూర్చోలేడు. పిల్లల ఉయ్యాల ఇనప గొలుసు సాయంత్రం ఐదింటికి కూడా చెయ్యి కాలుస్తుంది. పదిమంది తల్లుల్ని అడిగితే పదిమందీ కానుగ నాటమంటారు, వేప నాటమంటారు, నిద్రగన్నేరు నాటమంటారు, చెట్టు ఎదిగేదాకా ఉయ్యాల మీద రేకు వెయ్యమంటారు. పెద్ద ఖర్చు లేని మాటలివి.

ఇంకో సంగతి నీళ్లు. మా పిన్ని వాళ్లది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీళ్లలో ఉన్న రోజులు ఈ ఊరు మరిచిపోయేవి కావు. నీళ్లు తీశాక పిన్ని నాకు వాళ్ల వీధి చూపించింది. ముందు ఏ సందులోంచి వచ్చాయి, ఎక్కడ నడుములోతు, ఎక్కడ పీకల్లోతు, ఏ మిట్ట మీద కుక్కలూ మనుషులూ కలిసి నిలబడ్డారు, ఏ పల్లంలోంచి చివరిదాకా నీళ్లు కదల్లేదు, అన్నీ గోడ మీద మరకలు చూపిస్తూ చెప్పింది. ఆ వైపు పార్కు వేసేటప్పుడు ఏ పల్లాన్ని పూడ్చకూడదో, ఏ మిట్ట మీద గట్టి వేదిక కట్టి మెట్లు పెట్టాలో చెప్పగలిగేది ఆ గోడల పక్కన బతికినవాళ్లే. వానాకాలంలో నీళ్లు నిలవనిచ్చి, మిగతా తొమ్మిది నెలలు ఆటస్థలంగా ఉండే జాగా కావాలి అక్కడ. దాన్ని మెరకచేసి టైల్స్ పరిస్తే ఆ నీళ్లు పక్క వీధి ఇళ్లలోకి పోతాయి. సర్వే యంత్రం నేల ఎత్తు చెప్తుంది. ఆ రాత్రి నీళ్లు నడిచిన దారి పిన్ని చెప్తుంది. రెండూ ఒకే కాగితం మీదికి రావాలి.

కొండ ప్రాంతాల వాళ్ల గురించి మాట్లాడేవాళ్లు మరీ తక్కువ. వన్‌టౌన్, చిట్టినగర్, మొగల్రాజపురం, గుణదల కొండల మీద మెట్లు మెట్లుగా ఉన్న ఇళ్లలో పిల్లలకి సమతలంగా నాలుగు గజాల నేల ఉండదు. కిందికి దిగి, ట్రాఫిక్ దాటి, పార్కుకి వెళ్లి, మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కాలి. వాళ్లని అడిగితే ఎకరాల పార్కు అడగరు. మెట్ల మలుపు దగ్గర ఒక అరుగు, దానికి పిట్టగోడ, ఒక దీపం, మంచినీళ్ల కుళాయి అంటారు. పార్కుల జాబితాలో అలాంటి అరుగుకి పద్దే లేదు. ఉండాలి.

ఇక ఎదురుమాటలు. మాట మంచిదేనంటూనే, జనాన్ని అడిగితే గొడవలొస్తాయి, పని ఆగిపోతుంది, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే సాగుతుంది అంటారు. మొదటి రెంటికీ నేను పెద్దగా జంకను. గొడవ కాగితం మీద ఉన్నప్పుడే పడితే సిమెంటు ఖర్చు మిగులుతుంది. మూడోది మాత్రం నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సభ పెడితే వచ్చేది రిటైరైన పెద్దలు, వాకర్స్ సంఘం వాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాల కార్యదర్శులు. వాళ్లకి తీరిక ఉంది, మాట్లాడే అలవాటుంది, వాళ్లు అడిగే బాట, బెంచీ న్యాయమైనవే. ఆ సభకి రానివాళ్లు ఎవరు? ఆ టైములో అంట్లు తోమడానికి వెళ్లిన మనిషి, ఆటోనగర్‌లో షిఫ్టులో ఉన్న కుర్రాడు, ట్యూషన్‌లో ఉన్న పదో తరగతి పిల్ల, చక్రాల కుర్చీలో ఉన్న తాతగారు. వాళ్లు లేని సభలో "బయటి పిల్లలు వచ్చి ఆడుతున్నారు, తాళం వేయండి" అని తీర్మానం అవుతుంది. అలాంటి తీర్మానాలు నేను విన్నాను. బయటి పిల్లలంటే కాలవ అవతలి వీధి పిల్లలు. అడగడం అనే మంచిపనే వాళ్లని బయటికి నెట్టే పని కాగలదు.

వియన్నాలో 1990ల్లో పార్కులకి ఎవరెవరు వస్తున్నారో కూర్చుని గమనించారు. తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు రావడం బాగా తగ్గిపోతోంది, మగపిల్లలు అలా తగ్గడం లేదు. పెద్ద మైదానం మొత్తాన్ని బంతాట ఆక్రమించుకుంటే ఆడపిల్లలు వాళ్లతో చోటుకోసం పోట్లాడకుండా ఇంటిదారి పట్టారు. 1999లో ఐన్‌సీడ్లర్ పార్కు లాంటి రెండుచోట్ల స్థలాన్ని చిన్న భాగాలుగా విడదీసి, నడకదారులు పెంచి, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కి చోటిచ్చి చూస్తే ఆడపిల్లలు తిరిగొచ్చారు. మన ఊరు వియన్నా కాదు, ఇక్కడి కారణాలకి ఇంకా చాలా తోడవుతాయి: చీకటి మూలలు, మూత్రశాల లేకపోవడం, గేటు దగ్గర బైకులేసుకుని కూర్చునేవాళ్లు. అయినా అక్కడ చేసింది ఇక్కడా చెయ్యొచ్చు. రానివాళ్లని లెక్కపెట్టారు వాళ్లు. పార్కుకి వచ్చినవాళ్లని మాత్రమే అడిగితే, రాని పిల్ల ఎందుకు రాలేదో ఎప్పటికీ తెలియదు.

అందుకని అడగడానికి ఓ పద్ధతుండాలి, ఓట్లకి పెట్టకూడనివి కొన్నుండాలి. పార్కు అందరిది, టికెట్ ఉండకూడదు, పగటిపూట తాళం ఉండకూడదు, ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి, చక్రాల కుర్చీ గేటు దాటగలగాలి, ఉన్న చెట్టు కొట్టకూడదు. వీటి మీద ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు. పార్కు కోసం ఉంచిన జాగాని ఇంకోదానికి మళ్లించడం కూడా చర్చకి రాకూడదు. బెంగళూరులో అలాగే పార్కు జాగాని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వబోతే ఆ చుట్టుపక్కల నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ముద్దప్ప కేసులో ఆ కేటాయింపు చెల్లదంది, పక్క ఇళ్లవాళ్లకి ప్రశ్నించే అధికారం ఉందని కూడా చెప్పింది. మనవాళ్లు చాలామందికి ఈ తీర్పు తెలియదు. పార్కు జాగాలో ఇంకేదో కడుతున్నారని తెలిసినప్పుడు ఆ పేరు గుర్తుపెట్టుకుని అడగండి.

మిగతాదంతా అడగాల్సిందే. ఎలా అంటే, ముందు డబ్బెంతో చెప్పాలి. "మీకేం కావాలి" అని అడిగితే అందరూ ఈతకొలను అంటారు, తప్పులేదు. "ఇంత ఉంది, ఇందులో షటిల్ కోర్టు వేస్తే దీపాలకి మిగలదు, ఏది ముందు" అని అడిగితే జనం చాలా జాగ్రత్తగా ఆలోచిస్తారు. ఇంటి ఖర్చు నడిపే ఆడవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. తర్వాత, సభకి రమ్మనకుండా వాళ్లున్న చోటికి వెళ్లాలి: అంగన్‌వాడీ, మున్సిపల్ స్కూలు, డ్వాక్రా గ్రూపు, ఆటోస్టాండు, ఆదివారం చర్చి, శుక్రవారం మసీదు, సాయంత్రం గుడి మెట్లు. ఎమినిటీస్ సెక్రటరీకీ, వార్డు ప్లానింగ్ సెక్రటరీకీ ఆ వీధులు తెలుసు. ఆపైన, డ్రాయింగ్ షీటు మనలో చాలామందికి అర్థం కాదు కాబట్టి దాన్ని నేల మీద గీసి చూపించాలి. సున్నంతో ముగ్గేసి, తాళ్లు కట్టి, ఇక్కడ బాట, ఇక్కడ ఉయ్యాల, ఇక్కడ గేటు అని ఒక వారం వదిలేస్తే చాలు. పిల్లలు ఎటు నడుస్తారో, ముసలావిడ ఎక్కడ ఆగుతుందో, మిరపకాయ బజ్జీల బండి ఏ మూలకి వస్తుందో అదే చెప్తుంది. బండి ఎలాగూ వస్తుంది. పునుగుల వాసన లేని బెజవాడ పార్కు గేటు నేనెరగను. ముందే దానికి చోటు, చెత్తడబ్బా, నీళ్లు ప్లానులో పెడితే ఆ బండివాణ్ని రోజూ తరమక్కర్లేదు, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం స్ఫూర్తీ అదే.

అన్నిటికంటే ముఖ్యం, అడిగాక జవాబు చెప్పడం. ఎవరెవరు ఏం అడిగారు, వాటిలో ఏవి పెట్టాం, ఏవి పెట్టలేదు, ఎందుకు పెట్టలేదు, ఈ నాలుగూ తెలుగులో రాసి ఆ జాగా దగ్గరే బోర్డు కట్టాలి. కాదన్నందుకు జనం అంత కోపం తెచ్చుకోరు. చెప్పింది ఎటుపోయిందో తెలియకపోతే మాత్రం రెండోసారి నోరు విప్పరు.

నిర్వహణ గురించి అడగని ప్లాను ప్లానే కాదు. మోటారు కాలితే ఎవరు బాగుచేయిస్తారు, కరెంటు బిల్లు ఏ పద్దులోంచి, మరుగుదొడ్డి కడిగే మనిషికి జీతం ఎవరిస్తారు? పార్కు కట్టిన ఏడాదికే ఫౌంటెన్ ఎండిపోయి దోమల తొట్టి కావడం మనం చూస్తూనే ఉన్నాం. ఫౌంటెన్ కావాలా, ఆ డబ్బుతో ఐదేళ్లు ఒక తోటమాలి కావాలా అని అడిగి చూడండి. మా వీధిలో ఒక్కరు కూడా ఫౌంటెన్ అనరు.

బడ్జెట్ తయారయ్యే నెలలకి ముందే, మీ వార్డు సచివాలయానికి వెళ్లి ఒక అర్జీ ఇవ్వండి. అందులో మూడు వాక్యాలు చాలు. మా వార్డులో పార్కు కోసం రాసిచ్చిన స్థలాలు ఏవి, సర్వే నంబర్లతో సహా జాబితా ఇవ్వండి. వాటిలో దేనికైనా ఈ ఏడాది పని ప్రతిపాదిస్తుంటే, ఎస్టిమేట్ వేయకముందు ఆ స్థలంలోనే, ఆదివారం సాయంత్రం, ఆ వీధుల వాళ్లందరికీ ముందుగా చాటింపు వేసి కూర్చోండి. ఆ రోజు మేము చెప్పినదానికి మీ జవాబు అదే స్థలంలో రాసి పెట్టండి. కింద ఎంతమంది సంతకాలు పెడితే అంత మంచిది. వేలిముద్రలు వేసేవాళ్లని కూడా వదలకండి. రసీదు తీసుకుని దాచుకోండి.